భారతం తిరునాళ్ళ రికార్డింగు, పాత క్యాసెట్లు: ఎట్లా తీయాలి, ఎట్లా దాచాలి?

పాకాల రైలుకట్ట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పక్క ధర్మరాజుల గుడి దగ్గర ఎండాకాలంలో 18 రోజుల భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, కడపట దుర్యోధన వధ, అగ్నిగుండం, పట్టాభిషేకం. ఈసారి మొత్తం రికార్డు చేసి పదిలంగా దాచాలని గుడి కమిటీ అనుకుంటా ఉంది. పాడేవాళ్ళలో పెద్దవాళ్ళు ఎక్కువ. కొన్ని దరువులు (నాటకంలో పాత్రలు తాళానికి పాడే పాటలు) ఒక్కరికో ఇద్దరికో మాత్రమే వస్తాయి.

అడగాల్సినవి మూడు. ఫోను చాలునా, వేరే రికార్డరు కొనాలా? పాత నాటకాలవి ట్రంకు పెట్టె నిండా క్యాసెట్లు ఉండాయి, కొన్నిటికి తెల్లగా బూజు పట్టింది, వాటిని ఏం చేయాలి? అంతా అయినాక యూట్యూబులో పెట్టేస్తే సరిపోతుందా?

మద్దెల దరువు

అన్నా, రికార్డరు సంగతి కంటే ముందు ఒకటి తేల్చుకోండి. రాత్రి నాటకం ఒక్కటే రికార్డు చేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. మైకులు, జనం, జనరేటరు, మద్దెల మోత అన్నీ కలిసి ఉంటాయి. తిరునాళ్ళ ఎట్లా జరిగిందో తెలుసుకోను అది కావాలి. రేపు ఒక పిల్లోడు ఆ దరువు నేర్చుకోవాలంటే మాత్రం అది పనికిరాదు, మాట తెలియదు, వరుస తెలియదు. కాబట్టి పగటి పూట కూర్చోబెట్టి ఇంకో రికార్డింగు తప్పకుండా చేయాలి.

మన తిరుపతిలోనే దీనికి రుజువు ఉంది. తిరుమల సంకీర్తన భాండాగారంలోని అన్నమయ్య రాగిరేకులు 1922లో వెలుగులోకి వచ్చాయి. రేకు మీద పాట ఉంది, పాట పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. వందల ఏండ్లు లోహం మీద అక్షరం చెక్కుచెదరలేదు గానీ ఆయన పాడిన వరుస దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదలుకొని ఎందరో కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. మీ దరువులకు ఆ గతి పట్టకుండా ఆపే అవకాశం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

పగటి రికార్డింగు ఇట్లా చేయండి. కల్యాణ మండపం, ఖాళీ సిమెంటు హాలు వద్దు, గొంతు మారుమోగుతుంది. పరుపులు, బట్టలు, బియ్యం మూటలు ఉన్న మామూలు ఇంటి గది మేలు. ఫ్యాను, ఫ్రిజ్జు ఆపేయండి. మైకు నోటికి 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ప, బ, భ అన్నప్పుడల్లా గాలి కొట్టి ఢబ్ మంటుంది.

మొదట హార్మోనియం మీద ఆధార షడ్జం పది సెకన్లు పట్టమనండి. శ్రుతి ఎంతో, నాలుగా నాలుగున్నరా, నోటితో చెప్పించండి. తర్వాత ఒక్కో దరువును నాలుగు సార్లు తీయాలి: పాడకుండా మాటలు నిదానంగా చెప్పడం, మద్దెల లేకుండా పాడటం, మద్దెల తాళాలతో పాడటం, ఆఖరున మద్దెల వాయించే ఆయన ఆ జతులను, అంటే మద్దెల దెబ్బలను పలికే మాటలను, నోటితో చెప్పడం. నాలుగోది అందరూ వదిలేస్తారు. జతులు నోటితో చెప్పింది లేకపోతే రికార్డింగు విని మద్దెల నేర్చుకోవడం చాలా కష్టం, ఎడమ చేతి దెబ్బ హార్మోనియం కింద మునిగిపోతుంది. ప్రవేశ దరువులు అసలు వదలొద్దు. ఏ పాత్ర తెర వెనక నుంచి ఎట్లా వస్తుందో, అడుగు ఎక్కడ పడుతుందో అడిగి చెప్పించుకోండి. పెద్దవాళ్ళ చేత ఒక పూటకు గంటన్నర మించి పాడించొద్దు.

ఇక రాత్రి సంగతి. 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేసే చిన్న రికార్డర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ అట్లాంటిదే. వాటిలో లెవెల్ (శబ్దం ఎంత గట్టిగా పడాలో) పెట్టుకునే బాధ చాలా వరకు తగ్గుతుంది. అయినా మైకు తట్టుకునే మోతకు ఒక హద్దు ఉంది. పలకల (డప్పుల) పక్కనే, స్పీకరు బాక్సు ముందరే పెడితే మైకు దగ్గరే శబ్దం చెడుతుంది, దాన్ని ఏ బిట్టూ బాగుచేయలేదు. మామూలు 24 బిట్ రికార్డరైతే, భీముడు కేకపెట్టి మద్దెల గట్టిగా పడే ఘట్టంలో కూడా ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టి, ఇక దాని జోలికి పోవద్దు. ఆటోమేటిక్ లెవెల్ ఆపేయాలి. అది ఉంటే పద్యం ఆగినప్పుడల్లా జనం గోల పైకి లేస్తుంది, పద్యం మొదలవగానే గొంతు అణిగిపోతుంది.

రెండు చోట్ల నుంచి తీయండి. ఒకటి మైక్ సెట్ అతని మిక్సర్ లైన్ అవుట్ (శబ్దం వైరులో బయటికి ఇచ్చే రంధ్రం) నుంచి. ఇందులో పద్యం తేటగా వస్తుంది, కానీ మైకు ముందర లేని వంత, గజ్జెలు, తాళాలు దాదాపు వినపడవు. రెండోది రంగస్థలానికి మూడు నాలుగు మీటర్ల దూరంలో స్టాండు మీద, బాక్సుల వరుసకు లోపలి వైపు. గాలికి మైకు మీద బొచ్చు తొడుగు తప్పనిసరి, స్పాంజి చాలదు. మొదట్లో ఒకసారి రెండింటికీ వినపడేలా గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత ఆ రెండు ఫైళ్ళను కలపడం సులువు. లైన్ అవుట్‌లో బొంయ్ అని 50 హెర్ట్జ్ హోరు వస్తే చాలాసార్లు కారణం ఎర్తింగు. రికార్డరును చార్జరు నుంచి తీసి పవర్ బ్యాంకు మీద నడపండి, సామాన్యంగా పోతుంది.

అర్జునుడు మాను ఎక్కేటప్పుడు పద్యాలు పాడుతూ పైనుంచి విభూది, నిమ్మకాయలు, పూలు విసురుతాడు. కింద మైకుకు ఆ గొంతు అందదు. ఆయనకు సమ్మతమైతే చిన్న రికార్డరు నడుముకు బిగించి లాక్ చేయండి. వైరు వేలాడదీయొద్దు, కాలికి తగులుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇదంతా ఆయన కంకణం కట్టుకోక ముందే మాట్లాడుకోవాలి. దీక్షలో ఉన్న మనిషి దగ్గరికి మైకులు పట్టుకుని పోవడం మర్యాద కాదు.

ఫోను గురించి: రికార్డరు దొరక్కపోతే ఫోనే వాడండి, ఏమీ లేనిదానికన్నా వెయ్యి రెట్లు నయం. విమానం గుర్తు నొక్కి పెట్టండి, ఫోను వస్తే రికార్డింగు తెగిపోతుంది. వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించని ఫైలు) రికార్డు చేసే యాప్ వేసుకుని, శబ్దం తగ్గించే సెట్టింగు ఉంటే ఆపండి. ఆ సెట్టింగు మాట్లాడే గొంతు కోసం చేసింది, తాళాల మోతను గోల అనుకుని కోసేస్తుంది.

పాకాల రైలుకట్ట

చాలా చాలా థాంక్స్ అన్నా. 18 రాత్రులకు ఎంత జాగా పడుతుంది? కమిటీ వాళ్ళు వీడియో కూడా కావాలంటున్నారు.

మద్దెల దరువు

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో అయితే గంటకు సుమారు 1 జీబీ. రాత్రికి ఏడు గంటల లెక్కన 18 రాత్రులకు 130 జీబీ, హరికథ మూడు గంటలు వేసుకుంటే ఇంకో 56 జీబీ. రెండు రికార్డర్లంటే దానికి రెట్టింపు. కార్డు ఫార్మాటును బట్టి 2 జీబీకో 4 జీబీకో ఫైలు తెగి కొత్తది మొదలవుతుంది, కంగారు పడొద్దు, వరుస నంబర్లు మార్చకుండా ఉంచండి. ప్రతి పొద్దున కార్డును రెండు డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి విని చూసినాకే కార్డు ఖాళీ చేయండి.

వీడియోకు ఫుల్ హెచ్‌డీ చాలు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/60లో ఉంటే ట్యూబులైట్ల కింద తెర మీద పట్టీలు పట్టీలుగా కదులుతాయి. ఒక కెమెరా స్టాండు మీద మొత్తం రంగం కనపడేలా కదలకుండా ఉండాలి. ముఖాలు దగ్గరగా తీసే కెమెరా రెండోది. ఒకటే ఉంటే కదలకుండా ఉండేదే ఎంచుకోండి, అడుగులు, పాత్రలు నిలబడే చోట్లు తెలిసేది అందులోనే.

టేపు డెక్కు

క్యాసెట్ల గురించి నేను చెప్తాను. మొదట బూజు పట్టినవాటిని వేరు చేసి విడిగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టండి. వాటిని ఇప్పుడు ప్లేయరులో వేయొద్దు. బూజు ప్లేయరులో టేపును చదివే హెడ్డుకు అంటి, తర్వాత వేసిన మంచి క్యాసెట్టుకు పాకుతుంది. పొడిగా ఉండే చోట సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి ఆరనివ్వండి. ఆరిన బూజు పొడిగా రాలుతుంది. అప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తని కుంచెతో దులపాలి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రైయరు పట్టడం వద్దే వద్దు, టేపు వంకర పోతుంది.

రెండో పని, ప్రతి క్యాసెట్టు పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. అవి ఉంటే పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత పాట చెరిగిపోతుంది.

పాటను కంప్యూటరులోకి దించడానికి యూఎస్‌బీ అని అమ్మే చవక క్యాసెట్ ప్లేయర్లు కొనొద్దు. వేగం నిలకడగా ఉండదు, శ్రుతి వణుకుతుంది. పాతదైనా మంచి డెక్కు ఒకటి సంపాదించి బెల్టు, రబ్బరు రోలరు మార్పించుకోండి. డెక్కు లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసుకు, అక్కడి నుంచి కంప్యూటరుకు. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే చాలావాటిలో ఒక్క ఛానలే వస్తుంది, లెవెల్ కూడా దానంతటదే మారుతుంది.

ప్రతి నాలుగైదు క్యాసెట్లకు ఒకసారి హెడ్డును, ఇనుప కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తుడవాలి. గోధుమరంగు మరక వస్తుంటే టేపు పూత రాలుతున్నట్టు, అప్పుడు ప్రతి క్యాసెట్టుకూ తుడవాలి. క్యాసెట్టును మొదట ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చేయండి. ఏండ్ల తరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయి. శబ్దం మూసుకుపోయినట్టుంటే రెండు కారణాలు చూడండి. హెడ్డుకు టేపును అదిమే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉండొచ్చు. అట్లయితే మరలు ఉన్న ఖాళీ క్యాసెట్టు పెట్టె తీసుకుని టేపును అందులోకి మార్చాలి. అది బాగానే ఉంటే హెడ్డు వాలు. రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఒక కోణంలో, మీ డెక్కు హెడ్డు ఇంకో కోణంలో ఉంటే తాళాల గలగల పోతుంది. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న మర ఉంటుంది. మోనోలో వింటూ, తాళాల శబ్దం ఎక్కడ పదునుగా వస్తే అక్కడికి ఆ మరను కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒక్కో యంత్రం మీద చేసిన క్యాసెట్లకు ఒక్కో చోట కుదురుతుంది. టేపు సరసర తగ్గించే డాల్బీ మీట, క్యాసెట్టు మీద ఆ గుర్తు ఉంటేనే వేయండి.

భారతం క్యాసెట్లలో తరచూ కనపడే లోపం ఒకటి ఉంది. అప్పట్లో సెల్లులు వేసిన టేపు రికార్డరు మీద రాత్రంతా రికార్డు చేసేవాళ్ళు. సెల్లు దిగే కొద్దీ మోటారు నిదానిస్తుంది. ఇప్పుడు సరైన వేగంలో వేస్తే తెల్లవారుజాము ఘట్టాలు గొంతు సన్నబడి పరుగెత్తుతాయి. దాన్ని సరిచేయడానికి హార్మోనియమే ఆధారం. హార్మోనియం శ్రుతి ఒక రాత్రిలో మారదు. మొదట్లో నాలుగు శ్రుతిలో ఉన్నది చివరికి నాలుగున్నరలో వినపడితే వేగం దాదాపు 6 శాతం ఎక్కువైనట్టు. ఈ దిద్దుబాటు ఫైలు నకలు మీదే చేయాలి. దించిన అసలు ఫైలును అట్లాగే ఉంచండి. గోల తీయడం, కోతలు కోయడం కూడా నకలు మీదే. శబ్దం దిద్దే ఆడాసిటీ సాఫ్ట్‌వేరులో గోల తీసే మీట ఒక్కసారి గట్టిగా వేసినా గజ్జెల శబ్దం నీళ్ళలో నుంచి వచ్చినట్టు అయిపోతుంది. పదేండ్ల తర్వాత ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేరు వస్తుంది, దానికి గోలతో ఉన్న అసలు కావాలి.

దించేటప్పుడు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం సిఫారసు అదే, 48 కనీసం అంటారు. గంటకు 2 జీబీ అవుతుంది.

సంగీతం మేడ

టేపు డెక్కు గారూ, మిగతా అంతటితో ఒప్పుకుంటాను, 96 దగ్గర మాత్రం కాదు. నాటకం క్యాసెట్టులో 15 కిలోహెర్ట్జ్ పైన ఉండేది టేపు సరసరే. 48లో దించితే పాట ఏమీ పోదు. కమిటీ దగ్గర ఉన్న డబ్బు తక్కువైతే 96 పెట్టి ఒకే ప్రతి దాచుకోవడం కన్నా 48 పెట్టి రెండు ప్రతులు దాచుకోవడం మేలు. ఒక డిస్కు ఉంటే అది పోయిన రోజున ఏమీ మిగలదు.

టేపు డెక్కు

రెండు ప్రతులు ముందు అన్నది నిజం. డబ్బు ఇబ్బంది ఉంటే 48 పెట్టుకోండి. 44.1లో, ఎంపీ3లో మాత్రం దించొద్దు.

తాతయ్యగుంట వీధి

మూడో ప్రశ్నకు ఎవరూ రాలేదు, దాని మీదే నాకు ఎక్కువ పట్టింపు. యూట్యూబు చూపించే చోటు, దాచే చోటు కాదు. ఎక్కించిన వీడియోను కుదిస్తుంది, హార్మోనియం వరుస ఏదో సినిమా పాటను పోలి ఉంటే హక్కుల నోటీసు పెడుతుంది, ఖాతా మూతపడితే అన్నీ ఒకేసారి పోతాయి. అసలు ఫైళ్ళు మీ దగ్గరే ఉండాలి.

అంతకన్నా ముందు, ఏది బయట పెట్టొచ్చు అన్నది పాడినవాళ్ళు చెప్పాలి. అనుమతిని మూడుగా విడగొట్టి అడగండి: దాచిపెట్టడానికి, ఊళ్ళోనూ నాటక సమాజంలోనూ వినిపించడానికి, ఇంటర్నెట్టులో అందరికీ పెట్టడానికి. ఒకదానికి సరే అన్నవాళ్ళు ఇంకోదానికి వద్దనొచ్చు. సంతకం కంటే, రికార్డింగు మొదట్లోనే వాళ్ళ గొంతుతో చెప్పించుకోవడం మంచిది. ఆ మాట ఫైలుతోనే ఉంటుంది, చదువు రానివాళ్ళకూ కుదురుతుంది. కాపీరైటు చట్టంలో 1999 సవరణ తర్వాత ప్రదర్శకుల హక్కు 50 ఏండ్లు. పాట ఎవరిదో తెలియకపోయినా పాడిన మనిషికి హక్కు ఉంది. ట్రంకు పెట్టెలో కంపెనీలు అమ్మిన హరికథ క్యాసెట్లు కూడా కలిసి ఉంటాయి, చూసుకోండి. సౌండ్ రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడు మొదలు 60 ఏండ్లు. 1985లో వచ్చింది 2045 చివరిదాకా కంపెనీదే.

ఇంకో సంగతి, దయచేసి కమిటీలో చదివి వినిపించండి. తపస్సు మాను కింద బిడ్డల కోసం తడిగుడ్డలతో సాగిలపడే ఆడవాళ్ళను దగ్గరగా తీయొద్దు. అగ్నిగుండం దగ్గర పూనకం వచ్చినవాళ్ళ ముఖాలు తీసి బయట పెట్టొద్దు. దూరం నుంచి మొత్తం కనపడేలా తీస్తే చాలు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం వేసినవాళ్ళు బూతులు తిట్టడం మొక్కులో భాగం, అది అమ్మవారికి చెల్లించేది. ఆ ముక్క ఒక్కటే కోసి నెట్టులో పడేస్తే చూసినవాళ్ళకు తిట్టు తప్ప మొక్కు కనపడదు. అట్లాంటివి రికార్డు చేయాలి, దాచాలి, వివరంతో పాటు అడిగినవాళ్ళకు ఇవ్వాలి. ముక్కలుగా పెట్టకూడదు.

బయట పెట్టాలని అందరూ ఒప్పుకున్నవాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ బాగుంటుంది, వేవ్ ఫైలే ఎక్కించొచ్చు. వికీమీడియా కామన్స్‌లో పెడితే ఎవరైనా వ్యాపారానికి వాడుకోవచ్చని ఒప్పుకున్నట్టే, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చినాక వెనక్కి తీసుకోలేరు. ఈ రెండు మాటలూ పాడినవాళ్ళకు విడమరిచి చెప్పాకే అక్కడ పెట్టండి. 1982లో మొదలైన ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ అనే సంగీత భాండాగారం ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. అక్కడ ప్రతి ఇచ్చి, ఎవరు వినొచ్చో ఎవరు కాపీ తీసుకోవచ్చో షరతు మీరే పెట్టొచ్చు. నాటకం రాతప్రతులు తాటాకుల మీద ఉంటే తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో అడగండి, అక్కడ తాళపత్ర భాండాగారం ఉంది.

పాకాల రైలుకట్ట

అక్కా, ఆడవాళ్ళ సంగతి మాకు తట్టనే లేదు. కమిటీలో చెప్తాను. ఫైళ్ళకు పేర్లు ఎట్లా పెట్టాలి? మా నాటకంలో నడుమ నడుమ అరవం పాటలు కూడా వస్తాయి, అవి ఎట్లా రాయాలి?

సంగీతం మేడ

పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు వద్దు, పాత యంత్రాల్లో గజిబిజి అవుతాయి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో మొదట ఏడాది-నెల-తేదీ, తర్వాత ఊరు, తర్వాత ఘట్టం, ఆఖరున వరుస నంబరు. తేదీ ముందుంటే ఫైళ్ళు వాటంతటవే క్రమంలో నిలబడతాయి. రాత్రి 12 దాటినా నాటకం మొదలైన తేదీనే వేయండి, లేకపోతే ఒకే నాటకం రెండు రోజులుగా చీలిపోతుంది.

ప్రతి ఫైలుకూ అదే పేరుతో ఒక టెక్స్టు ఫైలు, అందులో తెలుగులో అన్నీ: ఎవరు పాడారు, ఏ పాత్ర, మద్దెల ఎవరు, హార్మోనియం ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ యంత్రం, మూడు అనుమతుల్లో ఏవి ఇచ్చారు. ఊరు, మండలం, జిల్లా రాసి పక్కన మ్యాపులోని అక్షాంశ రేఖాంశాలు కూడా వేయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత క్యాసెట్టు మీద చిత్తూరు జిల్లా అని ఉన్న చంద్రగిరి ఇప్పుడు తిరుపతి జిల్లా, పీలేరు అప్పుడు అన్నమయ్య జిల్లాకు పోయింది. అట్ట మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుని, ఇప్పటి జిల్లా వేరే వరుసలో వేయండి. క్యాసెట్టు అట్టకు రెండు వైపులా ఫోటో తీయండి, పెన్సిలు రాతలతో సహా.

పాట రాసేటప్పుడు నోట వచ్చింది వచ్చినట్టు రాయండి. ‘వచ్చుండాడు’ అని పాడితే ‘వచ్చి ఉన్నాడు’ అని దిద్దొద్దు, తాళం తప్పుతుంది. వంత ఎక్కడ అందుకుంటుందో ప్రతిసారీ గుర్తు వేయండి. అరవం పాట పాడేవాళ్ళు తెలుగులో రాసుకుని పాడుతుంటే ఆ తెలుగు రాత అట్లాగే పెట్టి, కింద అరవ లిపిలో ఆ భాష వచ్చినవాళ్ళ చేత రాయించండి. రెండూ కావాలి. తెలుగు లిపిలో మీ ఊరి ఉచ్చారణ ఉంటుంది, అరవ లిపిలో మాట సరిగా ఉంటుంది. ఫోనులో మాటను రాతగా మార్చే యాప్‌లు ఇంటర్వ్యూకు కొంత సాయం చేస్తాయి, పద్యానికీ దరువుకూ పనికిరావు.

డిస్కులు వేర్వేరు కంపెనీలవి రెండు కొని, ఒకటి కమిటీ బీరువాలో, ఒకటి వేరే ఊళ్ళో ఉంచండి. మూడో ప్రతి క్లౌడులోనో భాండాగారంలోనో. పెన్ డ్రైవు, మెమరీ కార్డు దాచుకోవడానికి కాదు. మొదటి రోజే ఫైళ్ళన్నిటికీ చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం చెడినా మారిపోయే గుర్తు సంఖ్య) తీసి పెట్టుకుని, ఏడాదికొకసారి తిరునాళ్ళ ముందు మళ్ళీ తీసి పోల్చండి. తేడా వచ్చిన ఫైలును ఇంకో డిస్కు నుంచి మార్చుకోవచ్చు. ఫైళ్ళను వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి, వీడియోను మామూలుగా పంపితే కుదిస్తుంది.

పాడినవాళ్ళందరికీ వాళ్ళ పాటలు ఎంపీ3గా మార్చి మెమరీ కార్డులో వేసి ఇవ్వండి, పట్టాభిషేకం నాటికే అందేలా చూడండి. తప్పు పేరు పడిందో, ఏ దరువు విడిచిపోయిందో మొదట చెప్పేది వాళ్ళే. అప్పటికి మద్దెల ఆయన ఇంకా ఊళ్ళోనే ఉంటాడు కాబట్టి ఆ దరువు మళ్ళీ తీసుకోవచ్చు.